మురుగు కుంట గట్టు మీద ధమ్మ పాఠం





సెలవులకు కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో మెల్‌బోర్న్ వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. ఆ నగరం పడమటి శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. దగ్గర్లోనే వెరిబీ ఉంది. పిట్టల్ని చూద్దాం రమ్మని అక్కడికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. అది పార్కు కాదు. నగరపు మురుగునీటిలో దాదాపు సగాన్ని శుద్ధి చేసే కేంద్రం. 1890ల నుంచి నడుస్తోంది. పిట్టల కోసం లోపలికి వెళ్లేవారు ముందే అనుమతి తీసుకోవాలి.

"ఇంత దూరం వచ్చి మురుగు దగ్గరికా?" అని మనసు వెనక్కి లాగుతుంది. ఆ క్షణాన్ని గమనించండి. పాఠం అక్కడే మొదలవుతుంది.

పిట్ట ఏం చూస్తుంది?

రెడ్ నెక్డ్ స్టింట్ అనే పిట్ట బరువు సుమారు 30 గ్రాములు. సైబీరియాలో గుడ్లు పెట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి ఈ కుంటలకు వస్తుంది. అంచు బురదలో పురుగుల్ని ఏరుకుని తింటుంది. మురుగులోని సారంతో సూక్ష్మజీవులు, వాటితో పురుగులు, పురుగులతో పిట్టలు బతుకుతాయి. ఒకదాన్ని ఆనుకుని ఒకటి. ఇదే పటిచ్చ సముప్పాదం. ఈ తీరం 1982లో రామ్‌సర్ జాబితాలో చేరింది.

మలినం వేరు, అంటు వేరు. మలినం శుద్ధి చేస్తే పోతుంది. అంటు మనుషులు కల్పించింది. ఎంత కడిగినా పోదని మన తాతముత్తాతలకు చెప్పింది దాన్నే.

సునీతుడు ఏం నేర్పుతారు?

రాజగృహంలో వీధులు ఊడ్చే సునీతుడు, బుద్ధుడు వస్తుంటే తప్పుకుని చేతులు జోడించి నిలబడ్డారు. బుద్ధుడే ఆయన దగ్గరికి వెళ్లి సంఘంలో చేర్చుకున్నారు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ సంగతి చెప్పారు. ఒకటి గుర్తుంచుకోండి: ఊడ్చే పని పవిత్రమని పొగిడి, బుద్ధుడు ఆయన్ని చీపురుతోనే వదిలేయలేదు.

కుంటలో పిట్టలున్నాయని మనమూ మురుగు పనిని పొగడొద్దు. వెరిబీకి మురుగు గొట్టాల్లో, పంపుల బలంతో వస్తుంది. మన దేశంలో రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దింపుతున్నారు, ప్రాణాలు పోతున్నాయి. అది ఆపమని అడగడం కూడా కరుణే.

సాధన

1. గట్టు మీద పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. విదేశం వెళ్లకపోతే మీ ఊరి మురుగు చెరువైనా చాలు.
2. అసహ్యం పుడితే, పుట్టిందని తెలుసుకోండి. పోతే, పోయిందని తెలుసుకోండి.
3. ఇంటికొచ్చి పిల్లలకు సునీతుడి కథ చెప్పండి.
4. మీ వీధి సఫాయి కార్మికుల పేర్లు తెలుసుకోండి. 'గారు' చేర్చి పిలవండి.

జై భీమ్.