ఊరి చెరువు, చేపల పెంపకం – ప్రభుత్వ విధానం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– చెరువుల్లో చేపల పెంపకం ఎలా విస్తరించిందో చెప్పగలుగుతారు;
– ప్రభుత్వ సహాయం ఏయే రూపాల్లో అందుతుందో గుర్తించగలుగుతారు;
– కౌలు గడువుకూ దిగుబడికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.

1. చేపపిల్లల సమస్య

మీ ఊరి చెరువును గుర్తు తెచ్చుకోండి. అందులో పెంచే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు సాధారణంగా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానకాలంలో పారే నదుల్లోనే పెడతాయి. అందువల్ల పూర్వం పిల్లలను నదుల్లో పట్టి తెచ్చేవారు. వాటితోపాటు పనికిరాని చేపల పిల్లలూ కలిసి వచ్చేవి.

1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, ఆలికున్హి అనే శాస్త్రవేత్తలు పీయూష గ్రంథి రసాన్ని తల్లిచేపలకు సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించారు. దీనితో మేలైన పిల్లలను కావలసినన్ని ఉత్పత్తి చేసుకునే మార్గం ఏర్పడింది. అందుకే జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం.

బొచ్చె పైనీటిలో, శీలావతి మధ్యనీటిలో, ఎర్రమోసు అడుగున మేత తింటాయి. మూడింటినీ కలిపి పెంచితే చెరువులోని మేత అంతా ఉపయోగపడుతుంది. దీనినే మిశ్రమ చేపల పెంపకం అంటారు.

2. ప్రభుత్వ సహాయం

లోతట్టు నీటివనరుల్లో చేపల పెంపకం రాష్ట్రాల పరిధిలోని అంశం. కేంద్రం నిధులతో తోడ్పడుతుంది. 1973–74లో చేపల రైతుల అభివృద్ధి సంస్థల పథకం మొదలైంది. చెరువుల బాగుకు సబ్సిడీ, అప్పు, శిక్షణ ఇప్పించడం వీటి పని. 2006లో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి హైదరాబాదులో ఏర్పడింది. 2018–19లో కిసాన్ క్రెడిట్ కార్డును చేపల రైతులకూ వర్తింపజేశారు. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రారంభమైంది. అందులో లబ్ధిదారుల పనులకు ఖర్చులో 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం వరకు సహాయం నిర్ణయించారు.

3. కౌలు గడువు ఎందుకు ముఖ్యం?

మీరు చెరువును ఒక్క ఏడాదికే కౌలుకు తీసుకున్నారనుకోండి. పూడిక తీయించి, గట్టు పోయిస్తారా? వచ్చే ఏడు వేలంపాటలో చెరువు మరొకరికి పోతే మీ ఖర్చు ఫలితం వారికే దక్కుతుంది. కనుక మీరు పిల్లలను వదిలి ఊరుకుంటారు. దిగుబడి తగ్గుతుంది. చెరువు కూడా పాడవుతుంది.

గడువు కొన్ని సంవత్సరాలు ఉంటే ఖర్చు పెట్టడానికి ధైర్యం వస్తుంది. అప్పుకోసం వెళ్లినప్పుడు చెరువుపై మీకు హక్కు ఉందని చూపాలి. చేతిలో కౌలు పత్రం లేనివారికి సబ్సిడీ ఉన్నా అందదు. విడిగా వేలంలో నిలబడలేని మత్స్యకారులకు సహకార సంఘం ఆధారమవుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. మిశ్రమ చేపల పెంపకం వల్ల లాభమేమి?
2. ఒక్క ఏడాది కౌలు దిగుబడిని ఎలా తగ్గిస్తుంది?

చేసి చూడండి: మీ ఊరి చెరువు ఎవరి అధీనంలో ఉంది? కౌలు ఎన్నేళ్లకు, ఎవరికి ఇచ్చారు? పంచాయతీ కార్యాలయంలోనో మత్స్యశాఖ కార్యాలయంలోనో అడిగి, రాసుకోండి.