పనిచోటి అన్నము: కూలియా? దానమా? దాసోహమా?

అన్నము పెట్టిన చేతిని మరువరాదని మన పెద్దలు చెప్పుదురు. పిడికెడు అన్నమునకు తన్ను తాను అమ్ముకొనరాదనియు ఆ పెద్దలే చెప్పుదురు. ఈ రెండు మాటల నడుమ, ఒకరి క్రింద పనిచేసి బ్రతుకు మనుష్యుడు నిలిచియున్నాడు. పనిచోట యజమాని ఉచితముగనో, అల్పమైన వెలకో పెట్టు ఉపాహారమును, పోయించు చాయను అతడు ఏ భావముతో స్వీకరింపవలెను? అది అతని కష్టములోని భాగమా, యజమాని దయయా, లేక ఈ రెండింటికిని మించినదా? చిన్నదిగా కనబడు ఈ ప్రశ్నలో కాయక దాసోహ తత్త్వముల సారము ఇమిడియున్నది.

1. మన ప్రాంతములో ఈ విషయము

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో పనులు పలు విధములు. భూపాలపల్లిలో సింగరేణి సంస్థ వారి కాకతీయ బొగ్గు గనులు కలవు. సమీపమున చెల్పూరు వద్ద కాకతీయ తాప విద్యుత్కేంద్రము కలదు. అందు 500 మెగావాట్ల మొదటి విభాగము 2010లోను, 600 మెగావాట్ల రెండవ విభాగము 2016లోను పని ప్రారంభించినవి. ఇట్టి చోట్ల రేయింబవళ్లు షిఫ్టులలో పని సాగును. కనుక క్యాంటీను అనునది విలాసము కాదు, అవసరము. మహబూబాబాదు మండలములలో మిరప ఏరుటకు, జనగామ పల్లెలలో పత్తి తీయుటకు, నాట్లు వేయుటకు వచ్చు కూలీలకు క్యాంటీను లేదు. ఇంటి నుండి తెచ్చుకొన్న సద్ది, ఆసామి తెప్పించిన చాయ, చెట్టునీడ, కుండనీరు, ఇవియే వారి భోజనశాల. పెంబర్తి ఇత్తడి పనివారి కొలుముల కడను, పట్టణపు దుకాణములలోను ఒక చాయ గ్లాసు పనివేళను రెండు భాగములుగా విడదీయును.

2. అన్నము సంకెల అయిన కాలము

ఈ ప్రాంతపు చరిత్ర తెలియనిచో కూలివాడు ఉచిత భోజనమును చూచి ఏల సంశయించునో తెలియదు. నైజాము పాలనలో వెట్టి అను దురాచారము ప్రబలియుండెను. వృత్తుల వారు దొరల ఇండ్లలో కూలి లేక పనిచేయవలసియుండెను. భగేలా పద్ధతిలో అప్పు తీర్చుటకై ఒకడు ఆసామి ఇంట సంవత్సరముల తరబడి పనిచేసెడివాడు. తిండియు బట్టయు ఇచ్చితిమి కదా అని యజమాని అనెడివాడు; అప్పు మాత్రము తీరెడిది కాదు. ఈ పద్ధతిని అదుపు చేయుటకు హైదరాబాదు రాజ్యమున 1936లో ఒక శాసనము వచ్చినది గాని ఆచారము అంతటితో అంతరింపలేదు. జనగామ తాలూకాలో రైతులు ఎదురుతిరిగిరి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంట తనదేయని నిలిచెను. భారత రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసినది.

ఇతర దేశముల చరిత్రయు ఇట్టిదే. ఇంగ్లండులో యజమానులు కూలికి బదులు తమ దుకాణములోని సరుకులు ఇచ్చుచుండగా 1831 నాటి ట్రక్ చట్టము దానిని నిరోధించినది. పొలము కూలీలకు కూలిలో భాగముగా మద్యము పోయు ఆచారమును 1887 నాటి సవరణ చట్టము తొలగించినది. అన్నము పెట్టవచ్చును గాని మత్తు పానీయమును కూలిగా లెక్కింపరాదని అందు విధించిరి. దక్షిణాఫ్రికా ద్రాక్షతోటలలో కూలిలో భాగముగా మద్యము పోయు దురాచారము నిషేధింపబడిన పిమ్మటను చాలకాలము సాగి, ఎన్నో కుటుంబములను కూల్చినది. మన పొలములలో బరువు పని పూర్తియైనప్పుడు కల్లు పోయించు ఆచారమును ఈ వెలుగులో పరిశీలింపవలెను. ఆ పైకము కూలిలో కలిసి ఇల్లాలి చేతికి చేరుట మేలా, త్రాగినవాని కడుపులోనే ముగియుట మేలా యని ప్రశ్నించినచో సమాధానము కష్టము కాదు.

3. చట్టము చెప్పునది

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారమున క్యాంటీను ఏర్పరుప జేయుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. దాని నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు చోటు కల్పించినది. అంత సంఖ్య గల చోట వేసవిలో చల్లని నీరు ఇయ్యవలెననియు విధించినది. 1955 నాటి గనుల నియమములు గనులకును ఇట్టి ఏర్పాటునే చెప్పినవి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. అందు ఈ సంఖ్య 100కు తగ్గినది. అంతేగాక కాంట్రాక్టు కార్మికులను కూడ ఆ లెక్కలో చేర్చవలెనని స్పష్టముగా చెప్పబడినది.

2019 నాటి వేతనముల స్మృతిలో మరియొక ముఖ్య విషయము కలదు. వేతనమునకు బదులుగా వస్తురూపమున ఇచ్చినదాని విలువ, మొత్తము వేతనములో 15 శాతమునకు మించనంతవరకే వేతనముగా పరిగణింపబడును. అనగా అన్నము పెట్టితిమను పేరుతో కూలినంతయు మింగివేయుటకు వీలులేదు. ఈ హద్దులో శతాబ్దముల అనుభవము దాగియున్నది.

4. ఉద్యోగులలోని నాలుగు అభిప్రాయములు

పనిచోటి ఉచిత భోజనమును గూర్చి పనివారిలో నాలుగు విధములైన అభిప్రాయములు కలవు.

మొదటి పక్షము వారు దానిని హర్షింతురు. తెల్లవారుజామున షిఫ్టుకు పోవలసిన గని కార్మికుని ఇంట ఇల్లాలు నడిరేయి దాటగనే పొయ్యి ముట్టింపవలెను. క్యాంటీనులో వేడి ఉపాహారము దొరకినచో ఆమెకు రెండు గంటల నిద్ర దొరకును. కాబట్టి క్యాంటీను వలన కలుగు లాభము తినువానికి మాత్రమే కాదు, వండవలసిన ఆమెకును చెందును.

రెండవ పక్షము వారు, ‘మాకు అన్నము వలదు, ఆ పైకమే ఇండు’ అందురు. ఇంట నలుగురు పిల్లలు ఆకలితోనుండగా తానొక్కడే కడుపునిండ తినుట వారికి రుచింపదు. నిష్ఠగల వీరశైవుడు, ఉపవాసమున్నవాడు, జబ్బు వలన పథ్యము పాటించువాడు క్యాంటీను వంటకమును తినలేకపోవచ్చును. అట్టివానికి ఆ సదుపాయము లేనట్లే. ఈ మాటలో న్యాయమున్నది. కాని పైకముగా ఇచ్చినచో అది ధరల పెరుగుదలలో కరిగిపోవును. పైగా చేతికి వచ్చిన పైకము ఇతర ఖర్చులకు మరలి, పనివాడు ఖాళీ కడుపుతో పనిలో నిలుచుట కలదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2005లో పనిచోటి ఆహారమును గూర్చి ప్రచురించిన గ్రంథమును, అంతకు పూర్వము 1956లో చేసిన 102వ సిఫారసును క్యాంటీనుల అవసరమును నొక్కి చెప్పినవి.

మూడవ పక్షము వారు సంశయింతురు. హైదరాబాదులోని పెద్ద సాఫ్ట్‌వేరు కార్యాలయములలో మూడు పూటల భోజనము, ఎడతెగని కాఫీ దొరకుచున్నవి. మన పల్లెల నుండి వెళ్లిన యువకులు మొదట మురియుదురు. పిదప రాత్రి భోజనము ఉన్నందున రాత్రి వరకు పనియు ఉండునని గ్రహింతురు. రుచి గల అన్నము కాలమును కొనుచున్నదా యని వారు అడుగుదురు. భగేలా కాలపు భయమే ఇక్కడ కొత్త వస్త్రము ధరించినది.

నాల్గవ పక్షము వారి మాట అన్నింటికంటె బరువైనది. ‘అన్నము మంచిదే, కాని అందరికిని ఉన్నదా?’ అని వారు ప్రశ్నింతురు. శాశ్వత ఉద్యోగి బల్ల కడ కూర్చుండి తినుచుండగా, అదే చోట అదే దుమ్ములో పనిచేసిన కాంట్రాక్టు కూలి గేటు వెలుపల మూట విప్పుకొనునేని అది ఎట్టి విందు? వండి వడ్డించువాని సంగతియు ఇట్టిదే. రైల్వే చట్టబద్ధ క్యాంటీనులలో పనిచేయువారు రైల్వే ఉద్యోగులేయని సుప్రీం కోర్టు 1990లో ఎం.ఎం.ఆర్. ఖాన్ వ్యాజ్యములో తీర్పుచెప్పు వరకు, ఇతరుల ఆకలి తీర్చిన ఆ చేతులకు తమ స్థానము ఏదో తెలియకుండెను.

5. ఆయ్దక్కి దంపతుల పాఠము

ఈ నాలుగు వాదములను తూచుటకు శరణుల చరిత్ర ఒక త్రాసు ఇచ్చుచున్నది. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుటయే మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమ దాసోహము జరుపుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ సంతసింపలేదు. నేటికి చాలినంత ఉంచి, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. పేదయైన ఆమె ఉచితముగా వచ్చిన బియ్యమును ఏల కాదన్నది? తమ కాయకమునకు మించి చేరినది తమది కాదని ఆమె ఎరుగును. ఆశతో కూడబెట్టిన అన్నము దాసోహమునకు తగదని ఆమె ఎరుగును.

ఈ కథకు మరియొక ప్రక్కయు కలదు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండారియై యుండగా, రాజధనముతో జంగములకు అన్నము పెట్టుచున్నాడని కొందరు కొండెములు చెప్పిరి. లెక్క చూడగా భాండారమున లోటు కనబడలేదని బసవపురాణ కథ. ఆ పురాణమును తెలుగు ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని పేరు జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడివడియున్నది. లక్కమ్మ కథ తీసుకొనువానికి పాఠము. భాండారపు కథ పెట్టువానికి పాఠము. తీసుకొనువాడు తన కాయకమును మించి ఆశపడరాదు. పెట్టువాడు పరుల సొమ్ముతో, ముఖ్యముగా పనివాని కూలి సొమ్ముతో, దాతయను పేరు సంపాదింపరాదు.

6. సారాంశము

పై విచారణ వలన మూడు విషయములు తేలుచున్నవి. కూలి సంపూర్ణముగా చెల్లిన పిమ్మట పెట్టిన అన్నమే అన్నము. కూలి కోసి పెట్టినది అన్నము కాదు, అప్పు. చట్టము విధించిన క్యాంటీను దయ కాదు, హక్కు; దానిని అడుగుటకు పనివాడు సిగ్గుపడనక్కర లేదు, పొందినందులకు తలవంచనక్కర లేదు. హక్కుగా వచ్చినదైనను పారవేయుట, దాచుకొనిపోవుట, ప్రక్కవానికి లేకుండ చేయుట కాయకధర్మమునకు విరుద్ధము.

దాసోహమను మాటలో పెట్టువాడు నేను దాసుడనని చెప్పుకొనును. తినువానిని దాసుని చేయడు. పనిచోటి పంక్తిలో అధికారియు, గని కార్మికుడును, కాంట్రాక్టు కూలియు, వంటవాడును ఒకే బల్ల కడ ఒకే అన్నము తిననాడు ఆ క్యాంటీను ఎంత విశాలమైనను వట్టి వంటశాలయే. తిన్ననాడు మాత్రము మహామనె ముంగిలి అక్కడ కొంత కనబడును.

గోష్ఠిలో చర్చింపదగిన ప్రశ్నలు

1. పొలము కూలీలకు క్యాంటీను చట్టము వర్తింపని చోట ఆసామి ధర్మమేమి? నీరు, నీడ, చాయ, వీటిలో ఏవి దయ, ఏవి బాధ్యత?

2. లక్కమ్మ నేడు ఒక కార్యాలయమున ఉద్యోగినియైనచో దేనిని స్వీకరించును? దేనిని త్రిప్పి పంపును?

3. మీ పనిచోట పంక్తికి వెలుపల కూర్చుండి తినువారెవరు? వారిని లోనికి పిలుచుటకు మొదట ఎవరు లేవవలెను?