సేవెహోఫ్ – ఒక సంఘము, రెండు జట్లు

హ్యాండ్‌బాల్ క్రీడ మన విద్యార్థులలో చాలామందికి పేరుమాత్రంగానే తెలుసును. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల ఆటస్థలంలో ఇరువైపులా ఏడుగురు చొప్పున ఆడతారు. బంతిని చేతబట్టి మూడడుగులకు మించి నడవరాదు. మూడు సెకన్లకు మించి నిలుపుకొనరాదు. గోలు ముందరి 6 మీటర్ల నేల గోల్‌కీపరుకు మాత్రమే చెందినది. అందుచేత ఆటగాడు గీతకు ఇవతలనే పైకి ఎగిరి, తిరిగి కాలు నేల తాకేలోగా బంతిని విసరాలి. ఆ ఎగురుటలోనే ఈ ఆట సొగసంతా ఉన్నది.

ఈ క్రీడలో పేరుగాంచిన దేశాలలో స్వీడన్ ఒకటి. అచ్చట గోథెన్‌బర్గ్ మహానగరానికి ఆనుకొని పార్టిల్లె అనే పట్టణము కలదు. 1950లో ఏర్పడిన ఐ.కె. సేవెహోఫ్ సంఘము అచ్చటిదే. ఐ.కె. అన్నవి స్వీడిష్ భాషలో ‘క్రీడా సంఘము’ అను మాటకు పొడి అక్షరాలు.

క్రీడాసంఘాలలో స్త్రీల జట్టు సాధారణంగా పురుషుల జట్టుకు తోకవలె ఉంటుంది. పురుషులకు పేరువచ్చిన పిదప, మిగిలిన ధనంతో, మిగిలిన వేళలలో వారికి చోటు దొరుకుతుంది. సేవెహోఫ్ చరిత్ర ఇందుకు విరుద్ధము. ఆ సంఘపు పురుషులు తొలిసారిగా జాతీయ విజేతలైనది 2004లో; స్త్రీలు అంతకు పదకొండేండ్ల ముందే, 1993లో, ఆ గౌరవం గడించారు. 2009 మొదలు 2016 వరకు ఎనిమిదేండ్లు వరుసగా స్త్రీలదే విజయము. అందులో 2010, 2011, 2012 సంవత్సరాలలో పురుషులు కూడ గెలువగా, దేశపు రెండు బిరుదులూ ఒకే ఇంట చేరాయి. 2019లోను, 2024లోను ఇదే జరిగింది. ఆడపిల్లల ఆటను చిన్నచూపు చూచేవారు ఈ సంవత్సరాలను ఒకసారి లెక్కించుకొనవలెను.

అయితే గెలిచిన ఇల్లు నిండుగా ఉండదు. జర్మనీ, డెన్మార్క్ మొదలైన దేశాల సంఘాలు ఎక్కువ జీతమిచ్చి మేటి ఆటగాండ్రను తీసుకొనిపోతాయి. ఎడమచేతి వాటం గల కిమ్ ఆండర్సన్ 2005లో జర్మనీలోని కీల్ జట్టుకు వెళ్ళాడు. 2012 లండన్ ఒలింపిక్సులో రజతపతకం పొందిన స్వీడన్ జట్టులో ఆయన ఉన్నాడు. సేవెహోఫ్‌లో ఆడిన ఇసబెల్ గుల్డెన్ విదేశాలకు వెళ్ళి, 2016లో రుమేనియా రాజధాని జట్టుతో ఐరోపా ఛాంపియన్స్ లీగును గెలిచింది. పెంచిన చేతులకు మిగిలేది ఖాళీ స్థానమే.

ఆ ఖాళీని నింపేది డబ్బు కాదు, పిల్లలు. స్వీడన్‌లో క్రీడాసంఘాలు ప్రధానంగా సభ్యుల ఉమ్మడి సంస్థలు. తల్లిదండ్రులు సాయంకాలం పనులు ముగించుకొని వచ్చి చిన్నవారికి ఆట నేర్పడం అచ్చట మామూలు. సేవెహోఫ్‌వారు 1970లో పిల్లల కొరకు పార్టిల్లె కప్ అనే పోటీని ఆరంభించారు. అదిప్పుడు ప్రపంచంలోని పెద్ద యువజన హ్యాండ్‌బాల్ పోటీలలో ఒకటి. వేసవిలో అనేక దేశాలనుండి వేలాది బాలబాలికలు వచ్చి, పరచిన కృత్రిమ పచ్చికపై ఆరుబయట ఆడతారు. పెద్దల జట్లకు మాత్రం 2016లో తెరచిన పార్టిల్లె అరీనా నిలయమైనది. పురుషులకు, స్త్రీలకు అదొక్కటే భవనము.