ఒప్పందంలో బెంగళూరు, ఫిర్యాదు ఖమ్మంలో

ప్రశ్న: మాది ఎటపాక. భద్రాచలంలో గది అద్దెకు తీసుకుని టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 18,500 రూపాయలు పెట్టి మోటారు కుట్టుమిషన్ తెప్పించాను. నెల తిరక్కుండానే ఆగిపోయింది. మార్చమంటే మార్చరు, డబ్బు తిరిగివ్వమంటే ఇవ్వరు. ఫోరంలో కేసు వేస్తానంటే, ఏ వివాదం వచ్చినా బెంగళూరు కోర్టులకే పరిధి అన్న షరతుకు మీరు ఒప్పుకున్నారు కదా అంటున్నారు. నేను బెంగళూరు వెళ్లాల్సిందేనా? – ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. ఫోన్‌లో మీకా మాట చెప్పినవారికి చట్టం తెలియకపోయి ఉండాలి, లేదంటే మీకు తెలియదన్న ధీమా అయినా ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, కొన్నవారు తాము నివసించే చోటి జిల్లా కమిషన్‌లో గానీ, తాము స్వయంగా పనిచేసి సంపాదించుకునే చోటి కమిషన్‌లో గానీ ఫిర్యాదు వేసుకోవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కంపెనీ ఉన్న చోటో, దాని బ్రాంచి ఉన్న చోటో, తగవుకు కారణం పుట్టిన చోటో చూసుకోవాల్సి వచ్చేది. ఆన్‌లైన్ కొనుగోళ్లు వచ్చాక ఆ కారణం ఎక్కడ పుట్టిందన్నదే పెద్ద వాదన అయి కూర్చుంది. బటన్ నొక్కిన ఊళ్లోనా, పార్శిల్ కట్టిన గోదాములోనా, డబ్బు జమ అయిన బ్యాంకులోనా? కొత్త చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక ఆ చర్చతో మీకు పనిలేదు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అవతలికి పోయింది. పొద్దున రాష్ట్రం దాటి షాపుకొచ్చి, రాత్రి మళ్లీ రాష్ట్రం దాటి ఇంటికి పోయేవాళ్లు మీ ఒక్కరే కాదు. కానీ చట్టం రాష్ట్రం పేరు అడగదు. నివాసం, సంపాదన, ఈ రెంటిలో ఏదో ఒకటి ఆ కమిషన్ పరిధిలో ఉంటే చాలు. మీరు ఉండేది ఆంధ్రలో కనుక అటు వైపు కమిషన్‌కు వెళ్లే హక్కు ఎలాగూ ఉంది, షాపు భద్రాచలంలో ఉంది కనుక ఖమ్మంలోనూ వేసుకోవచ్చు. నన్నడిగితే ఖమ్మమే మేలు. 120 కిలోమీటర్లయినా నేరుగా బస్సు ఉంది, పైగా విచారణకు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరవుతానని 38వ సెక్షన్ కింద అడగొచ్చు. ఖమ్మం ఎంచుకుంటే షాపు అద్దె కాగితం, ట్రేడ్ లైసెన్సు, షాపు కరెంటు బిల్లులాంటివి జతచేయండి. ఆధార్ కార్డులో ఎటపాక చిరునామా చూసి కంపెనీ వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఇదంతా వినియోగదారుల కమిషన్ సంగతి. మామూలు సివిల్ దావా అయితే మన ఏజెన్సీలో దారే వేరు. 1924 నాటి ఏజెన్సీ రూల్స్ కింద దావాలు విన్నది రెవెన్యూ అధికారులే. 18,500 రూపాయల మిషన్ కోసం ఆ దారిలో అడుగుపెట్టమని ఎవరికీ సలహా ఇవ్వను.

మరి బెంగళూరు షరతుకు విలువే లేదా? దీనికి జవాబు హైదరాబాద్ కేసు ఒకదానిలో దొరుకుతుంది. 2007 డిసెంబర్ 14న ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానం పొగమంచు వల్ల ఆలస్యమైంది. దాదాపు పదకొండు గంటలు విమానంలోనే కూర్చోవాల్సి వచ్చిందని ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లారు. ప్రయాణ నిబంధనల్లో వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే అని ఉంది కనుక హైదరాబాద్‌కు పరిధి లేదని కంపెనీ వాదించింది. లోక్ అదాలత్ ఒప్పుకోలేదు. 10,000 రూపాయల పరిహారం, 2,000 ఖర్చులు ఇమ్మంది. కంపెనీ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2011 జూలై 4న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తగవు దేశంలో ఏ మూల పుట్టినా సరే ఢిల్లీకే రావాలి అనే షరతు చెల్లదు అంది. పైగా షరతులో రాసింది ‘కోర్టులు’ అని, శాశ్వత లోక్ అదాలత్ ఆ కోవలోకి రాదు అని కూడా చెప్పింది.

అయితే ఈ కేసును సగమే చెప్పి ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే తీర్పులో, పొగమంచు కంపెనీ చేతిలో లేదు, సేవాలోపం రుజువు కాలేదు అని ఆ 12,000 కూడా కొట్టేశారు. వెబ్‌సైట్‌లో పెట్టిన నిబంధనలు ప్రయాణికుడు చదవకపోయినా అతనికి వర్తిస్తాయనీ అన్నారు. అంటే ఎక్కడ వినాలన్నది మీకు అనుకూలంగా తేలినంత మాత్రాన మిషన్ సంగతి తేలినట్టు కాదు. మిషన్ చెడిపోయిందని మెకానిక్ దగ్గర రాయించుకున్న కాగితం, వీడియో, మీరు పంపిన మెయిళ్లు ఇవన్నీ ఉండాల్సిందే.

షరతుల్లో మరో రకం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. వివాదాన్ని కోర్టుకు బదులు మధ్యవర్తికి, అంటే ఆర్బిట్రేటర్‌కు అప్పగించాలి అంటుంది. దీన్ని తేల్చింది మన రైతుల కేసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు నాసిరకం విత్తనాల వల్ల పంట పోయిందని జిల్లా ఫోరాలకు వెళ్తే, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉందని జాతీయ విత్తన సంస్థ అడ్డుపడింది. వినియోగదారుల చట్టం ఇచ్చేది అదనపు పరిష్కారం, ఆ షరతు దాన్ని ఆపలేదు అని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. కొత్త చట్టంలో 100వ సెక్షన్ చెప్పేదీ అదే.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటికి వస్తాను. పైన చెప్పిన రక్షణంతా వినియోగదారుడికే. ఖమ్మం మిర్చి మార్కెట్‌లో వ్యాపారం చేసే ఒకాయన ఏదైనా ఆన్‌లైన్ వేదిక ద్వారా సరుకు అమ్ముకుంటే, ఆ వేదికతో ఆయనకున్నది వ్యాపార ఒప్పందం. అందులో ఉన్న ఊరు పేరు మామూలుగా నిలబడుతుంది. రెండు మూడు కోర్టులకు పరిధి ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ‘మాత్రమే’ అని రాయకపోయినా ఆ ఎంపిక చెల్లుతుందని 2013లో తేల్చింది. కంపెనీలు తమ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరినే రాసుకునేది అందుకే, అక్కడి కోర్టుకు ఎలాగూ పరిధి ఉంటుంది. ఉద్యోగాలకూ అంతే. పట్నాలో ఒకరు, ఢిల్లీలో ఒకరు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మీద వేసిన దావాల్లో, నియామక ఒప్పందంలో ముంబై అని ఉంది కనుక ముంబైకే వెళ్లండి అని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పట్నా ఉద్యోగి ముంబై వకీలును ఎలా పెట్టుకోగలడన్నది నాకింకా మింగుడుపడని సంగతే, కానీ చట్టం ఈరోజుకు అలా ఉంది.

అన్నింటికంటే ప్రమాదం అప్పు యాప్‌లతో. అక్కడ మీరు కేసు వేసేవారు కాదు, మీ మీద కేసు వేస్తారు. చెన్నై నుంచో ముంబై నుంచో ఆర్బిట్రేటర్ నోటీసు వస్తుంది, కొన్నిసార్లు వాట్సాప్‌లోనే. అది బెదిరింపు కాగితమని పక్కన పడేస్తే, మీరు లేకుండానే తీర్పు అయిపోయి ఇక్కడ జప్తుకు వస్తుంది. లాభనష్టాలున్న పక్షం తానే ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఆ అభ్యంతరం రాతపూర్వకంగా వెంటనే పంపండి. తీర్పు ప్రతి అందాకైతే కొట్టేయమని అడగడానికి గడువు మూడు నెలలు. చెక్కు గానీ ఆటో డెబిట్ గానీ బౌన్స్ అయితే వేసే క్రిమినల్ కేసు సంగతి మరీ వేరు. డబ్బు అందుకోవాల్సినవారి బ్యాంకు శాఖ ఉన్న చోటే దాన్ని వేస్తారు, మీ ఒప్పందంలో ఏ ఊరు పేరున్నా సరే. మహిళలకు, గిరిజనులకు, దళితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. న్యాయసేవల నంబరు 15100. చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో ఈ నంబరు తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమందే కనిపించారు.

విదేశీ యాప్‌ల సంగతి ఇంకొందరు అడుగుతుంటారు. వాటి నిబంధనల్లో రెండు వేర్వేరు విషయాలు ఉంటాయి. ఏ దేశపు చట్టంతో తీర్పు చెప్పాలన్నది ఒకటి, ఏ ఊరి కోర్టు వినాలన్నది రెండోది. భారత కంపెనీ అయితే మొదటిదాంతో ఇబ్బంది లేదు, కాంట్రాక్టు చట్టం భద్రాచలంలోనూ బెంగళూరులోనూ ఒకటే. కాలిఫోర్నియా చట్టం అని రాసుకున్నవాళ్లు కూడా, భారతదేశంలో క్రమపద్ధతిగా అమ్మకాలు చేస్తుంటే, 2020 నాటి ఈ-కామర్స్ నియమాలకు లోబడాల్సిందే. ఇలాంటి షరతులను కొన్ని దేశాల కోర్టులు సూటిగానే తోసిపుచ్చాయి. కాలిఫోర్నియాకు రమ్మన్న ఫేస్‌బుక్ షరతును కెనడా సుప్రీంకోర్టు 2017లో అమలు చేయనంది. నెదర్లాండ్స్‌లో ఆర్బిట్రేషన్ పెట్టి, మొదలుపెట్టడానికే 14,500 డాలర్లు కట్టమన్న ఊబర్ షరతును 2020లో అదే కోర్టు కొట్టేసింది. అమెరికా వైఖరి వేరు. అక్కడి సుప్రీంకోర్టు 1991లో టికెట్ వెనక ముద్రించిన షరతును చూపి, వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు ఓడ కంపెనీ మీద కేసు వేయాలంటే ఫ్లోరిడాకే పోవాలంది. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇది వాళ్ల చెవిన వేయండి.

మళ్లీ మీ కుట్టుమిషన్‌కు వద్దాం. షాపు కోసం కొన్నారు కనుక మీరు వినియోగదారు కాదని కంపెనీ అనొచ్చు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. పనిలో సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ రక్షణ పోదని 1995లో సుప్రీంకోర్టు అంది. కాబట్టి మిషన్ మీద మీరే కుడతారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ముందు ఆ వెబ్‌సైట్‌లో ఉన్న ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పక్కనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. కట్టిన ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. తగవు మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వెబ్‌సైట్‌నూ, బిల్లు మీద పేరున్న అమ్మకందారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరినొకరు చూపించుకుంటారు. బెంగళూరు షరతు ఊసు మీరే ఎత్తనక్కర్లేదు. నా షాపు భద్రాచలంలో ఉంది, 34వ సెక్షన్ కింద ఈ కమిషన్‌కు పరిధి ఉంది అన్న ఒక్క పేరా చాలు. కంపెనీకి అభ్యంతరం ఉంటే నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ దయతలిస్తే మరో 15 రోజుల్లో, జవాబులో రాసుకోవాలి. ఆ 45 రోజులు దాటాక జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.