చేపల దోనెకు సూర్యదీపము

మన సభ్యులలో ననేకులు సేద్యముతోడ చెరువులయందును, కాలువలయందును చేపలు పట్టుటను ఉపవృత్తిగా జరుపుకొనుచున్నారు. రాత్రివేళ వల వేయబోవు చిన్న దోనెకు వెలుగు కావలయును. ఆపద వచ్చినపుడు పిలుచుటకు చేతిఫోను ఆరిపోక యుండవలయును. ఈ రెంటికిని వలయు విద్యుత్తును సూర్యుని వలన బొందు విధమును గూర్చి పలువురు ప్రశ్నించుచుండుటచే నిచట వ్రాయుచున్నాము.

మనవారు అంగడికి బోయి మొట్టమొదట పలకను గొందురు. ఇది తలక్రిందుల పద్ధతి. చెరువు కట్టువాడు ముందుగా ఆయకట్టెంతయో చూచును గదా! ఇచట బ్యాటరీ చెరువు; సూర్యఫలకము దానిలోనికి బాఱు వాగు; దీపమును ఫోనును ఆయకట్టు; నడుమ నుండు కంట్రోలరు తూమును, కలుజును గూడ. ఆయకట్టును లెక్కింపక వాగును గొలిచిన నేమి ఫలము?

కావున లెక్క ఇట్లు సాగవలయును. 5 వాటుల ఎల్.ఇ.డి. దీపము 6 గంటలు వెలిగిన 30 వాటుగంటలు ఖర్చగును. ఇతర పడవలవారికి గానవచ్చుటకై యుంచు 1 వాటు గురుతుదీపమునకు 10 గంటలకు 10. ఫోను నొకమాఱు నింపుటకు నష్టముతో గూడ 20. వెరసి రాత్రికి 60 వాటుగంటలు. మఱునాడు మబ్బు పట్టవచ్చును గనుక రెండు రాత్రుల గ్రాసము, అనగా 120, నిలువ యుండవలయును.

సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడిన త్వరలో చెడును. కావున 12 వోల్టుల 20 ఆంపియరుగంటల బ్యాటరీలో నున్న 240 వాటుగంటలలో మనకు దక్కునది 120 మాత్రమే. దాని బరువు ఆరేడు కిలోలు. లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో నూటికి 80 పాళ్లు వాడుకొనవచ్చును, 12.8 వోల్టుల 12 ఆంపియరుగంటలది చాలును, బరువు కిలోన్నర ప్రాంతము. వెల హెచ్చే, ఐనను ఇరుకు దోనెలో నైదు కిలోలు తగ్గుట సామాన్యము గాదు. మేము దీనినే మెచ్చెదము. మోటారుబండి నుండి తీసిన పాత బ్యాటరీని మాత్రము తేవలదు. అది ఇంజనును ఒక్క క్షణము కదల్చుటకు జేసినదే గాని రాత్రియంతయు దీపము వెలిగించుటకు గాదు.

ఇక పలక. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చూపిన సిలికాను ఘటము ఎండలో నూటికి 6 పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేటి మంచి పలకలు 20 పాళ్లు మార్చుచున్నవి. మన తీరమున సగటున రోజునకు సుమారు 5 గంటల నిండుటెండకు సమానమైన వెలుగు లభించును. 20 వాటుల పలక కాగితముపై 100 వాటుగంటలిచ్చును. కాని వేడి, దుమ్ము, వాలు తప్పుట మొదలగు నష్టములు పోగా 60 మిగులుట యరుదు. వానకాలమున నది చాలదు. 40 వాటులది కొనుట మేలు.

దానిని దోనెపై బిగింపవలయునా? రాత్రి వేట చేసి పగలు దోనెను గట్టున కట్టువారికి అవసరము లేదని మా యభిప్రాయము. పలకను పాక కప్పుపై దక్షిణముగా కొంచెము వాల్చి బిగించి, క్రింద గాలి యాడునట్లు సందు విడిచి, బ్యాటరీని మాత్రము సాయంకాలము దోనెలోనికి దీసికొనిపోవచ్చును. దోనెపై నున్న పలక గాలికి తెరచాపవలె పట్టును. వలకుప్పయో, మనిషి నీడయో ఒక మూల బడినను దాని యుత్పత్తి మిక్కిలి తగ్గును. పగలంతయు నీటిపై నుండువారు మాత్రమే దోనెపై నమర్చుకొనవలయును.

కూర్చునపుడు కంట్రోలరునకు ముందు బ్యాటరీని, పిదప పలకను కలుపవలయును. విప్పునపుడు పలకను ముందు తీయవలయును. కంట్రోలరు లిథియమునకు దగినదో కాదో కొనకముందే యడుగుడు. అన్నిటికంటె ముఖ్యమైనది ఫ్యూజు. బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే 5 ఆంపియరుల ఫ్యూజు నుంచవలయును. పది రూపాయల వస్తువని దీనిని విడిచిపెట్టువారిని చూచుచున్నాము. తడిలో రెండు తీగలు తాకిన బ్యాటరీలోని శక్తి యంతయు నొక్కుమ్మడి వెలువడి తీగ యెఱ్ఱగా కాలును. నడినీటిలో నిప్పుకు దూరముగా పాఱిపోవుట కెచటికి?

తీగ రాగిదిగా, ఉప్పునీటి ప్రాంతమున తగరపు పూత గలదిగా నుండవలయును. కొసలకు వాసెలీను పూయుడు. బ్యాటరీని రబ్బరు అంచు మూతగల పెట్టెలో బెట్టి, దోనె నడుమ అడుగున కదలకుండ కట్టవలయును. తాటిమ్రానును తొలిచిన దోనెలో తిరిగినవారికి బరువు పైకి లేచిన నేమగునో చెప్పనక్కఱలేదు. సముద్రములోనికి బోవువారు కోస్టుగార్డువారి 1554 సంఖ్యను ఫోనులో వ్రాసి యుంచుకొనవలయును.

నీటిపైకి బోవుటకు ముందు రెండు రాత్రులు ఇంటివద్దనే, పలకను కలుపక, దీపములు వెలిగించి, ఫోను నింపి చూడుడు. రెండవ తెల్లవాఱుజామున దీపము మసకబాఱినయెడల లెక్కలో నేదో తప్పినట్లే. వోల్టులను గొలుచు మల్టీమీటరు ఇంటి కొక్కటి యక్కఱలేదు. సంఘమున కొక్కటి కొనియుంచిన, ఒకరి తరువాత నొకరు వాడుకొనవచ్చును.