ఒకరి వాన ఇంకొకరి చేలో: షెల్ స్క్రిప్టుతో ఫైళ్లను కలపడం

వేరువేరు ఫైళ్లలో ఉన్న లెక్కలను ఒకే పట్టికగా చేయాలంటే మనలో చాలామంది ఒకదానిలోంచి కాపీ చేసి ఇంకోదానిలో అతికిస్తాం. నాలుగు వరుసలైతే సరే. నలభై ఫైళ్లుంటే తెల్లారిపోతుంది గదా! ఈ పనికి యూనిక్స్‌లో షెల్ అనేది ఉంది. మనం టైపు చేసే ఆజ్ఞలను అందుకొని పని చేయించేది అదే. ఆ ఆజ్ఞలను వరుసగా రాసి దాచుకున్న ఫైలే షెల్ స్క్రిప్టు. 1969లో బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను మొదలుపెట్టారు. ఇప్పటి లైనక్స్‌లోనూ ఇవే ఆజ్ఞలు నడుస్తాయి.

నాకు ఇది మండలాల వర్షపాతంతో అవసరపడింది. మాది చౌటుప్పల్ మండలం, ఉండేది మన్సూరాబాద్‌లో రూము తీసుకొని. ఈ విజయవాడ రోడ్డు వెంట, ఆ చుట్టుపక్కల ఉన్న మండలాలకు 2015, 2017 వానాకాలాల లెక్కలు రెండు ఫైళ్లుగా టైపు చేసుకున్నాను. మండలాలన్నీ ఇంగ్లీషు అక్షర క్రమంలోనే ఉన్నాయి గదా అని, 2017 ఫైలు పక్కన 2015 అంకెలను 'పేస్ట్' ఆజ్ఞతో పెట్టేశాను. పట్టిక అందంగా వచ్చింది. ఇంటికి పోయినప్పుడు మా నాన్నకు చూపిస్తే, మొదటి వరుస చదివించుకొని అడిగాడు: "2015ల అబ్దుల్లాపూర్‌మెట్ మండలమే లేకుండె గదరా, వాన ఎట్ల కొలిచిండ్రు?"

నిజమే. ఆ మండలం 2016 అక్టోబరులో జిల్లాల విభజనప్పుడు ఏర్పడింది. 2017 ఫైలులో అది మొదటి వరుసలో చేరేసరికి, 2015 అంకెలన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. చౌటుప్పల్ వాన అబ్దుల్లాపూర్‌మెట్‌కు, హయత్‌నగర్ వాన చౌటుప్పల్‌కు పోయింది. చివరన సరూర్‌నగర్ గడి ఖాళీ. 'పేస్ట్' పేర్లు చూడదు, వరుస సంఖ్య ఒక్కటే చూస్తుంది. 2015 మాకు కరువు సంవత్సరం. కరువు మండలాల ప్రకటన కూడా మండలం లెక్కనే వస్తుంది కాబట్టి, ఈ తప్పు చిన్నదని నేననుకోను.

పేరు చూసి కలిపేది 'జాయిన్'. ముందు రెండు ఫైళ్లనూ ఆ పేరు గడి మీద 'సార్ట్' చేయాలి, లేకుంటే జతలు తప్పుతాయి. గడుల మధ్య కామా పెట్టి, ఆ సంగతి 'మైనస్ టి' అని జాయిన్‌కు చెప్పాలి. లేకపోతే 'యాదాద్రి భువనగిరి' రెండు గడులైపోతుంది!

అసలు చిక్కు పేరుతోనే. సరూర్‌నగర్‌ను ఇంగ్లీషులో ఒకచోట రెండు 'ఓ'లతో, ఇంకోచోట 'యు'తో రాస్తారు. జాయిన్‌కు అవి రెండు ఊళ్లు. జిల్లా పేరు కూడా కలిపి చూద్దామంటే, చౌటుప్పల్ 2016 దాకా నల్లగొండ జిల్లా, తర్వాత యాదాద్రి భువనగిరి. జిల్లా వదిలేద్దామంటే ఇబ్రహీంపట్నం రంగారెడ్డిలోనూ ఉంది, జగిత్యాలలోనూ ఉంది. కాబట్టి నేను మూడో ఫైలు ఒకటి రాసుకున్నాను: ప్రతి మండలానికి ఒక నంబరు, పాత జిల్లా, కొత్త జిల్లా, పేరు రాసే తీరులన్నీ. రెండు ఫైళ్లకూ ముందు ఆ నంబరు తగిలించి, తర్వాత నంబరు మీదనే కలిపాను. శ్రమంతా ఇక్కడే, మిగతాది అరగంట పని.

ఇంకో సంగతి. జత దొరకని వరుసను జాయిన్ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అందుకని ముందుగా 'మైనస్ వి 1', తర్వాత 'మైనస్ వి 2' ఇచ్చి, ఏ ఫైలులో ఏవి ఒంటరిగా మిగిలాయో చూడండి. అవి కూడా పట్టికలో ఉండాలంటే 'మైనస్ ఏ 1', 'మైనస్ ఏ 2' రెండూ ఇవ్వాలి. ఖాళీ గడిలో మాత్రం సున్నా వేయకండి. సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే లెక్క లేదని. 'మైనస్ ఓ ఆటో'తో పాటు 'మైనస్ ఇ' పక్కన 'లేదు' అని ఇస్తే, ఆ గడిలో అదే పడుతుంది.

గడుల వరుస మార్చడానికి 'కట్' పనికిరాదు. మూడు, ఒకటి అని అడిగినా అది ఒకటి, మూడు అనే ఇస్తుంది. దానికి 'ఆక్' కావాలి. 1977లో దాన్ని తయారుచేసిన అహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్‌ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు. అడిగిన వరుసలోనే గడులను అచ్చు వేస్తుంది.

ఇవన్నీ ఒక స్క్రిప్టులో రాసి మళ్లీ నడిపాను. అబ్దుల్లాపూర్‌మెట్ పక్కన 2015 గడిలో 'లేదు' అని వచ్చింది. సరూర్‌నగర్ గడి నిండింది.