బొద్దుగా ఉన్న బిడ్డనూ తూకం వేయించండి

సన్నగా ఉన్న బిడ్డను “టానిక్ రాయండి సిస్టర్” అంటూ తీసుకొస్తారు. బొద్దుగా ఉంటే మాత్రం ఇంట్లో దిష్టి తీసి ఊరుకుంటారు.

టీకాల పట్టిక చూడండి. 16–24 నెలల మధ్య బూస్టర్ అయ్యాక, మళ్లీ డి.పి.టి. 5–6 ఏళ్లకే. నడుమ మూడేళ్లకు పైగా చాలామంది పిల్లలు జ్వరమో దగ్గో వస్తే తప్ప ఆసుపత్రికి రారు. అప్పుడు బరువు చూసేది మందు మోతాదు కోసమే. ఎత్తు సాధారణంగా కొలవరు. ఎత్తుకు తగిన బరువుందా అని చూస్తేనే ఊబకాయం తెలుస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015–16లో 2.1 శాతం, 2019–21లో 3.4 శాతం. బక్కచిక్కిన బిడ్డలు ఇంతకంటే చాలా ఎక్కువ, నిజమే. అందుకే వీరిని ఎవరూ పట్టించుకోరు.

కనుక అమ్మలారా, ఆరు నెలలకొకసారి బరువు, ఎత్తు రెండూ కొలిపించి కార్డులో రాయించండి. అంగన్‌వాడీలోనూ కొలుస్తారు. రోజూ గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారినా డాక్టరుకు చూపించండి. ఆ నలుపును మురికి అనుకొని రుద్దే తల్లులున్నారు!

బిడ్డను పస్తులుంచవద్దు. ఈ వయసులో చాలామందికి బరువు తగ్గించనక్కరలేదు. వేగంగా పెరగకుండా చూస్తే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. ముందు మానిపించవలసినవి సీసాలో చక్కెర పాలు, టీలో ముంచిన బిస్కెట్లు, ఏడిస్తే తాతగారు కొనిచ్చే కూల్ డ్రింకు.